ఆ నిద్ర పొడి పక్కన పెట్టెయ్

పెరంబూరు, చెన్నై

అమ్మడూ,

రాత్రి రెండింటికి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున్న చూశాను. మూడో నెలలో నిద్ర లేకపోతే ఎంత నీరసమో నాకు తెలుసు. మీ అత్తగారు మైలాపూరు నాటుమందుల అంగడిలో కట్టించి పంపిన పొడి ఫొటో కూడా చూశాను. ఆవిడ ప్రేమతోనే పంపారు. అయినా దాన్ని ముట్టుకోకు తల్లీ.

పొట్లం మీద అరవంలో అముక్కరా అని ఉంది. అది మన పెన్నేరుగడ్డే, అశ్వగంధ. కడుపుతో ఉన్నప్పుడు వద్దని డాక్టర్లు చెప్పే మూలిక. జటామాంసి, తగర కూడా కలిపారన్నావు. నిద్ర తెప్పించేదంటే మెదడు మీద పనిచేసేదే కదా! నీ రక్తంలో కలిసింది మాయ దాటి బిడ్డకూ చేరొచ్చు. దాని మెదడు ఇప్పుడిప్పుడే కట్టుకుంటోంది.

ఆకులూ వేళ్లే కదా, ఏం చేస్తాయిలే అనుకోకు. సర్పగంధ కూడా ఒక మొక్క వేరు. అందులోంచి తీసిన రిసర్పిన్ అనే మందు తల్లి వాడితే, పుట్టిన బిడ్డకు ముక్కు దిబ్బడ వేసి, పాలు సరిగా తాగకపోవచ్చు. నిద్రకు వాడే వలేరియన్ మూలిక మాత్రలూ వద్దు. కడుపులో బిడ్డకు హాని లేదని తేల్చేంత పరిశోధన జరగలేదు, అందుకే యూరప్ మందుల సంస్థ గర్భిణులకు వద్దంటుంది.

సీసం సంగతి తలుచుకుంటే నాకు ఇంకా భయం. 2011-12లో న్యూయార్క్‌లో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం బాగా ఎక్కువగా తేలింది. అందరూ మన దేశపు ఆయుర్వేద మందులు వాడినవాళ్లే. సీసం మాయ దాటుతుంది, బిడ్డ మెదడును దెబ్బతీస్తుంది. చూర్ణాన్ని చూసి అందులో సీసం ఉందో లేదో ఎవరు చెప్పగలరు?

ఇప్పటికే ఒకటి రెండుసార్లు వేసుకుని ఉంటే బెంగపడకు, దాచకు కూడా. ఆ పొట్లమే పట్టుకెళ్లి డాక్టరమ్మకు చూపించు. ఐరన్ తక్కువైతే రాత్రిళ్లు కాళ్లు లాగి నిద్ర పట్టదు, ఆ పరీక్షా చేయించుకో. సాయంత్రం కాఫీ మానెయ్. ఆవిడ ఏదైనా మాత్ర రాస్తే వేసుకో, నీ అంతట నువ్వు మాత్రం ఆపకు. మనసులో దిగులు ఉంటే మీ బెంగళూరులోనే నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రి ఉంది, గర్భిణులనూ బాలింతలనూ ప్రత్యేకంగా చూస్తారు. అక్కడికి వెళ్లడానికి సిగ్గెందుకు?

అత్తగారితో నేను మాట్లాడతాను, నువ్వు ఏమీ అనకు. శనివారం బృందావన్ రైల్లో వస్తున్నాను. స్టేషన్‌కు రాకు, ఆటోలో వచ్చేస్తాను.

అమ్మ