సెల్లార్‌లో నిలిపినప్పుడల్లా దిగిపోతున్న కారు బ్యాటరీపై ఫిర్యాదు

విజయవాడ,
14 జూలై 2025

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: నిలిపి ఉంచిన కారులో బ్యాటరీ దిగిపోవడం, మీ సర్వీస్ సెంటర్ నాలుగుసార్లు ‘లోపం లేదు’ అని తేల్చడం గురించి.

అయ్యా,

పదమూడు నెలల్లో నా కారు బ్యాటరీ ఏడుసార్లు దిగిపోయింది. మీ అధీకృత సర్వీస్ సెంటర్‌వారు నాలుగుసార్లు బండిని చూశారు. నాలుగు జాబ్ కార్డుల మీదా ‘లోపం లేదు, వాడకం తక్కువ’ అనే రాశారు. లోపం ఉంది. అది ఎక్కడ ఉందో, ఎప్పుడు బయటపడుతుందో కొలతలతో సహా పట్టుకున్నాను కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను. దీన్ని తిరిగి అదే సర్వీస్ సెంటర్‌కు పంపించి ఊరుకోవద్దు. ఈ బండి విద్యుత్ వ్యవస్థను తయారుచేసిన ఇంజినీర్ల చేతికి అందేలా చూడండి.

నేను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. కాలేజీకి సిటీ బస్సులో వెళ్లి వస్తాను. 2024 జనవరిలో కారు కొన్నది ముఖ్యంగా మా అమ్మ కోసం. ఆమెకు డెబ్బై ఆరేళ్లు, ఉబ్బసం ఉంది. కాబట్టి వారంలో నాలుగైదు రోజులు బండి లబ్బీపేటలోని మా అపార్ట్‌మెంటు రెండో సెల్లార్‌లో కదలకుండా ఉంటుంది. అవసరమైనప్పుడు చేతికందడానికే బండి కొంటాం. నాలుగు రోజులు ఆపి ఉంచితే పనిచేయదన్న మాట అమ్మేటప్పుడు మీవాళ్లెవరూ నాకు చెప్పలేదు, మీరిచ్చిన పుస్తకంలోనూ లేదు.

మొదటిసారి 2024 జూన్‌లో దిగింది. ఎండలకు బ్యాటరీ దెబ్బతిన్నదేమోనని నేనే సరిపెట్టుకున్నాను. సర్వీస్ సెంటర్‌లో చార్జింగ్ పెట్టి పంపారు. ఆగస్టులో మళ్లీ అదే జరిగింది. ఈసారి బ్యాటరీ పాడైందన్నారు, పూర్తిగా దిగిపోయిన బ్యాటరీకి వారంటీ వర్తించదన్నారు, 5,600 రూపాయలు తీసుకుని కొత్తది వేశారు. ఆ కొత్తది కూడా నెల తిరక్కుండానే దిగిపోతే, బుడమేరు వరద నీళ్లు వైరింగ్‌లోకి వెళ్లి ఉంటాయన్నారు. ఆ వరద వచ్చింది సెప్టెంబరు మొదట్లో. మా సెల్లార్‌లోకి చుక్క నీరు రాలేదు. పైగా జబ్బు మొదలైంది జూన్‌లో. ఈ మాట చెప్పినా జాబ్ కార్డు మీద రాసినది మార్చలేదు. నాలుగోసారి సలహాదారు ఇచ్చిన పరిష్కారం ఒక్కటే: రోజూ అరగంట బండి తిప్పండి.

ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండుంబావుకి అమ్మకు ఊపిరి అందలేదు. ఆమెను లిఫ్టులో కిందికి తెచ్చి, బండిలో కూర్చోబెట్టి సెల్ఫ్ కొట్టాను. బానెట్ కింద టకటకమని రిలే కొట్టుకుంది తప్ప ఇంజిన్ తిరగలేదు. డాష్‌బోర్డు దీపాలు ఒక్కసారి మసకబారి ఆరిపోయాయి. అమ్మ నా మణికట్టు పట్టుకునే ఉంది, మాట్లాడే శక్తి లేదు. వాచ్‌మన్ పరుగెత్తుకెళ్లి మూడో అంతస్తు వాళ్లను లేపితే, వాళ్లు తమ కారులో మమ్మల్ని ఆసుపత్రికి చేర్చారు. అమ్మ కోలుకుంది. బండి మాత్రం ఆ రోజుకు నిలిపి మూడు రోజులే అయింది, బ్యాటరీ వయసు ఆరు నెలలు.

ఆ మర్నాటి నుంచే నోటుపుస్తకం పెట్టాను. రోజూ ఉదయం ఏడింటికి బ్యాటరీ వోల్టేజీ కొలిచి రాశాను. పూర్తిగా చార్జైన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, 12.2కి వచ్చిందంటే సగం ఖాళీ. మా సెల్లార్‌లో మొదటి రోజు 12.62, రెండో రోజు 12.42, మూడో రోజు 12.20, నాలుగో రోజు 11.95. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14.2 చూపిస్తోంది, అంటే ఆల్టర్నేటర్ చార్జింగ్ బాగానే ఉంది. నిలిపి ఉన్నప్పుడే ఏదో కరెంటు తాగుతోంది.

దీపాలతో మొదలుపెట్టాను. అయిదు వాట్ల బల్బు ఒక్కటి వెలుగుతూ ఉండిపోతే చాలు, రోజుకు పది ఆంపియర్-గంటలు పోతాయి. నా బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 35. ఫోనులో వీడియో పెట్టి గ్లోవ్ బాక్సులో ఒకసారి, డిక్కీలో ఒకసారి ఉంచి మూత వేశాను. రెండు చోట్లా దీపం ఆరిపోతోంది. బయటినుంచి తెచ్చి తగిలించిన పరికరం బండిలో ఒక్కటీ లేదు. తాళంచెవిని నాలుగో అంతస్తులో ఉంచి చూశాను, బండి దగ్గర ఉంచి చూశాను, తేడా లేదు. ఏప్రిల్‌లో పామర్రు దగ్గర మా ఊరికి వెళ్లి, అయిదు రోజులు బండిని వేపచెట్టు కింద ఉంచాం. ఆరో రోజు ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది. వోల్టేజీ 12.54. అదే బండి, అదే బ్యాటరీ, పైగా సెల్లార్ కన్నా ఎక్కువ ఎండ. ఆ అంకె పుస్తకంలో రాసుకున్నాను కానీ దాని అర్థం అప్పుడు తట్టలేదు.

మే నెలలో ఆటోనగర్‌లో, ముప్పై ఏళ్లుగా కార్ల వైరింగ్ పని చేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన తన షాపు ముందు రోడ్డు మీదే బండిని పరీక్షించారు. అంతా సవ్యంగా ఉంది. మీ సర్వీస్ సెంటర్‌లాగే ఆయనకూ ఏమీ దొరకలేదు. తేడా ఏమిటంటే, ఆయన అక్కడితో వదిలేయలేదు. నా నోటుపుస్తకం తీసుకుని చదివి, “మీరు బండి ఎక్కడ పెడతారమ్మా?” అని అడిగారు. ఆ ప్రశ్న నాలుగుసార్లలో ఒక్కసారైనా మీవాళ్ల నోట రాలేదు.

ఆదివారం ఆయనే మా సెల్లార్‌కు వచ్చారు. బానెట్ లాక్ నాలుకను స్క్రూడ్రైవర్‌తో నొక్కి, మూసి ఉన్నట్టు బండిని నమ్మించారు. మీటరు ఒక వైరును బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కు, రెండోదాన్ని ఎర్త్ కేబుల్‌కు ముందే తగిలించి, ఆ తర్వాతే పది నంబరు స్పానర్‌తో క్లాంపు వదులుచేసి తీశారు. కరెంటు ఒక్క క్షణం కూడా తెగకూడదు, తెగితే బండి లోపల ఉన్న ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లన్నీ కొత్తగా మొదలవుతాయి, తప్పు చేస్తున్నది కాసేపు బుద్ధిగా ఉంటుంది అని చెప్పారు. మీ సర్వీస్ సెంటర్‌లో మొదటి పని కేబుల్ పూర్తిగా ఊడదీయడమే, నేను పక్కనే నిలబడి చూశాను.

మీటరు ముందు 2.8 ఆంపియర్లు చూపించింది. కాసేపటికి 0.9కి, ఇరవై నిమిషాలకు 0.34కి దిగి అక్కడ ఆగిపోయింది. షాపు ముందు ఇదే బండి అరగంట లోపు 0.03కి వచ్చింది. సెల్లార్‌లో గంట కూర్చున్నాం. 0.34, మధ్యమధ్యలో ఒక్కసారి ఎగిరి 0.5, మళ్లీ 0.34. “బండి నిద్రపోవడం లేదమ్మా” అన్నారు పెద్దాయన. అంటే బండి ఆపాక కూడా లోపలి యూనిట్లు పని మానడం లేదని.

ఫ్యూజులు ఊడబీకితే యూనిట్లు మేల్కొంటాయని, ప్రతి ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలిచారు. కరెంటు పోతున్న ఫ్యూజు మీదే అంకె కనబడుతుంది. ఒకదాని మీద మూడు మిల్లీవోల్టులు వచ్చాయి, ఇంకో రెండింటి మీద అంతకంటే తక్కువ, మిగతావన్నీ సున్నా. మూత వెనక ఉన్న పటంలో చూస్తే ఆ మొదటి ఫ్యూజు, కారు వివరాలను యజమాని ఫోనుకు పంపడానికి మీరు అమర్చిన సిమ్ యూనిట్‌ది. దాన్ని తీసిన కొద్ది నిమిషాల్లో మీటరు 0.03కి దిగింది.

మా రెండో సెల్లార్‌లో ఏ ఫోనుకూ సిగ్నల్ అందదు. ఊళ్లో వేపచెట్టు కింద అందుతుంది, ఆటోనగర్ రోడ్డు మీద అందుతుంది, మీ సర్వీస్ సెంటర్ ఆవరణలోనూ అందుతుంది. ఫ్యూజు తిరిగి పెట్టి, బండిని అపార్ట్‌మెంటు గేటు ముందు నిలిపి కొలిచాం: 0.03. మళ్లీ సెల్లార్‌లో పెట్టి కొలిచాం: 0.34. మరుసటి ఆదివారం ఈ రెండు కొలతలూ ఇంకోసారి తీశాం, అవే అంకెలు వచ్చాయి. సిగ్నల్ అందని చోట మీ యూనిట్ ఆగకుండా వెతుకుతూనే ఉంటోంది, తనతోపాటు మిగతా యూనిట్లనూ మేల్కొలిపి ఉంచుతోంది. రోజుకు ఎనిమిది ఆంపియర్-గంటలు అలా పోతున్నాయి. మూడు రోజులకు ఇరవై నాలుగు. నా పుస్తకంలోని వోల్టేజీలు దీనితో సరిగ్గా సరిపోతున్నాయి.

ఇది నా ఒక్కరి బండి సమస్య అని నేను అనుకోవడం లేదు. ఈ రోజు నగరాల్లో కట్టే అపార్ట్‌మెంట్లకు సెల్లార్ ఉండటం మామూలు విషయం. ఇదే యూనిట్ ఉన్న కార్లు కొని, ఇదే విధంగా ‘వాడకం తక్కువ’ అనిపించుకుని, బ్యాటరీల మీద బ్యాటరీలు మారుస్తున్నవాళ్లు ఇంకా ఉండి ఉంటారు. వాళ్లలో ప్రతి ఒక్కరికీ మీటరు పట్టుకుని సెల్లార్‌లో గంట కూర్చునే పెద్దాయన దొరకడు.

నేను కోరేవి ఇవి. సిగ్నల్ దొరక్కపోతే కొంతసేపటికి ఆ యూనిట్ తనంతట తాను నిద్రలోకి వెళ్లేలా సాఫ్ట్‌వేర్ సరిచేయాలి, లేదా యూనిట్ మార్చాలి. దానికి నా దగ్గర రూపాయి తీసుకోకూడదు. బ్యాటరీకి కట్టిన 5,600, ఆ పెద్దాయనకు నేనిచ్చిన 1,500 తిరిగి ఇవ్వాలి. ఇప్పుడున్న బ్యాటరీ కూడా ఇన్నిసార్లు అడుగంటింది. స్టార్టింగ్ బ్యాటరీని అంత లోతుగా దించితే దాని ఆయుష్షు తరుగుతుందని మీకు నేను చెప్పనక్కరలేదు, అందుకని దాన్నీ మార్చాలి. జాబ్ కార్డుల్లో నా వాడకం మీద మోపిన నిందను తీసేసి, అసలు కారణం రాసి ఇవ్వాలి. డబ్బు కంటే నాకు ఈ చివరిదే ముఖ్యం. అమ్మకు అలా జరగడానికి కారణం నేనేనని నాలుగు కాగితాలు చెబుతున్నాయి, అది అబద్ధం.

పదిహేను రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నేను ఉంటున్న జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేస్తాను. నోటుపుస్తకం పేజీల నకళ్లు, మీటరు ఫోటోలు, నాలుగు జాబ్ కార్డులు దీనితో జతపరుస్తున్నాను.

ప్రస్తుతం ఆ ఫ్యూజు తీసి, కాగితంలో చుట్టి గ్లోవ్ బాక్సులో ఉంచాను. అప్పటినుంచి బ్యాటరీ దిగలేదు. గత నెలలో తొమ్మిది రోజులు సెల్లార్‌లోనే ఉన్నా 12.50 చూపించింది. కానీ ఆ ఫ్యూజు లేకపోతే అద్దం పక్కన ఉన్న అత్యవసర బటన్ పనిచేయదు. అమ్మను ఎక్కించుకుని వెళ్లే బండిలో నాకు ఆ బటన్ కావాలి, దానికి డబ్బు కట్టాను. మీ ఇంజినీరు ఏ ఆదివారమైనా రావచ్చు. పరీక్ష మాత్రం సర్వీస్ సెంటర్‌లో కాదు, మా రెండో సెల్లార్‌లో, నా ఎదుట జరగాలి.

ఇట్లు,
మీ కారు యజమాని
లబ్బీపేట, విజయవాడ