వరద మ్యాప్ గురించి అడుగుతున్న మా కస్టమర్లందరికీ

నమస్కారం అండీ. విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, కండ్రిక వైపు మా దగ్గర స్థలం కొలతలు, ఇంటి ప్లాన్లు చేయించుకున్నవాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను. ఈమధ్య ఆఫీసుకి ఏ పని మీద వచ్చినా చివరికి అందరూ ఒక్కటే అడుగుతున్నారు. బుడమేరు వాగు వరద మ్యాప్ కొత్తగా గీస్తే మా ఇల్లు అందులో పడుతుందా, పడితే రేటు పోయినట్టేనా, బ్యాంకు లోన్ ఇస్తుందా అని. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పి పంపడం నాకే నచ్చడం లేదు. అందుకే నాకు తెలిసింది, మా ఆఫీసు ఇకపై చేసేది, చేయనిది అన్నీ ఒక్కచోట పెడుతున్నాను.

చేయనిది ముందు చెప్తాను. "ఈ స్థలానికి వరద ముప్పు లేదు" అని మా లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వం. కొందరు బ్రోకర్లు, కొందరు అమ్ముకునే యజమానులు ఆ రెండు లైన్ల కోసమే వస్తున్నారు, ఫీజు ఎంతైనా ఇస్తామంటున్నారు. సర్వేయర్ కొలవగలిగేది నేల ఎత్తు. వాన ఎంత పడుతుందో, గట్టు ఎక్కడ తెగుతుందో నా మిషన్ చెప్పదు. ఆ కాగితం నమ్మి ఒక కుటుంబం ఉన్నదంతా ఊడ్చి పెట్టి స్థలం కొంటే, రేపు నీళ్లొచ్చిన రోజు ఆ సంతకం నాది.

ఇక చేసేది. ఇప్పటినుంచి మేము ఇచ్చే ప్రతి ప్లాన్ మీద స్థలం లెవెల్, ముందున్న రోడ్డు లెవెల్, ఇంటి గచ్చు లెవెల్ వేస్తాం, దగ్గర్లో 2024 వరద గుర్తు దొరికితే ఆ లెవెల్ కూడా తేదీతో సహా వేస్తాం. ఆ లైన్ తీసేయమంటే మాత్రం ఆ పని వదులుకుంటాం. దీనివల్ల కొన్ని పనులు ఇప్పటికే పోయాయి, ఇంకొన్ని పోతాయి, అయినా ఇందులో మార్పు లేదు.

మ్యాప్ సంగతికి వస్తే, "వరద మ్యాప్" అనే ఒక్క పేరు కింద నాలుగు వేరువేరు కాగితాలు జనం నోట్లో కలిసిపోతున్నాయి. ఫోన్లలో తిరిగే ఆ నీలం రంగు బొమ్మలు ఉపగ్రహం తీసినవి. హైదరాబాద్‌లో ఇస్రోకి చెందిన ఎన్ఆర్ఎస్‌సీ వాళ్లు వరదల సమయంలో ఇలాంటివి తయారుచేస్తారు, వాళ్ల భువన్ వెబ్‌సైట్‌లో కూడా ఉంటాయి. అది ఉపగ్రహం మన మీదుగా వెళ్లిన ఆ కాసేపు నీళ్లు ఎక్కడున్నాయో చూపిస్తుంది, అంతే. ఇళ్లు ఒకదానికొకటి అంటుకుని ఉన్న వీధుల్లో ఉపగ్రహంలోని రాడార్‌కి నీళ్లు సరిగా దొరకవు కూడా. అందుకే నడుంలోతు నీళ్లలో ఉన్న సందు ఆ బొమ్మలో పొడిగా కనిపించవచ్చు. అందులో మీ ఇల్లు నీలంగా లేదని సంబరపడొద్దు.

రెండోది అసలైన ముప్పు మ్యాప్. నేల ఎత్తులు, వాగు అడ్డకొలతలు, వాన లెక్కలు, వంతెనలు, తూముల కొలతలు అన్నీ కంప్యూటర్‌కి ఇచ్చి, ఇంత ప్రవాహం వస్తే నీరు ఏ లెవెల్ దాకా లేస్తుందో లెక్కగట్టి గీస్తారు. కొత్తగా గీయాలి అంటున్నది దీన్నే. మూడోది రెవెన్యూ వాళ్ల ఎఫ్ఎంబీ, అంటే సర్వే నంబర్ల కొలతల పుస్తకం, వాగు పోరంబోకు (వాగుకి చెందిన ప్రభుత్వ భూమి) హద్దు ఎక్కడుందో చెప్పేది. నాలుగోది మాస్టర్ ప్లాన్, ఏ జోన్‌లో ఏం కట్టొచ్చో చెప్పేది. వీటిలో మీ హక్కుని తాకేది మూడోది. కట్టడానికి అనుమతి వస్తుందా రాదా అన్నది నాలుగో దానితోనూ, నీటి వనరుల పక్కన వదలాల్సిన బఫర్‌తోనూ ముడిపడి ఉంటుంది. వరద వచ్చే ప్రాంతంలో ఉన్నంత మాత్రాన మీ దస్తావేజు చెల్లకుండా పోదు, మీ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలోకి వెళ్లిపోదు. వాగు పోరంబోకులో ఉండటం మాత్రం పూర్తిగా వేరే విషయం. ఈ రెండూ కలిపేసి భయపడి, మంచి పట్టా ఉన్న ఇంటిని అడ్డికి పావుసేరుకి అమ్మేసుకున్నవాళ్లు ఉన్నారు, అది చూస్తుంటే కడుపు మండుతోంది. అమ్మేముందు ఒక్కసారి ఎఫ్ఎంబీ మీద మీ హద్దు చూపించుకోండి. కొనేవాళ్లకి ఒక మాట, ఈసీ (స్థలం మీద అమ్మకాలు, అప్పులు చూపే కాగితం) తీసి చూసి ఊరుకోకండి, వరద సంగతి ఈసీలో ఉండదు.

అసలు మ్యాప్ ఎందుకు మార్చాలి అని అడిగినవాళ్లకి 2024 సెప్టెంబరు 1నే చూపిస్తాను. మైలవరం వైపు కొండల నుంచి వచ్చే బుడమేరుని వెలగలేరు దగ్గర ఆపి, డైవర్షన్ కాలువతో ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి తిప్పుతారు. కృష్ణే నిండుగా ఉంటే ఆ కాలువ నీరు కలవడానికి చోటుండదు, వెనక్కి తంతుంది. ఆరోజు రెండూ ఒకేసారి వచ్చాయి. కాలువకి మూడు గండ్లు పడ్డాయి, అవి పూడ్చడానికి సైన్యం కూడా రావాల్సి వచ్చింది, సెప్టెంబరు 7కి గానీ పూర్తవలేదు. నీరు తన పాత దారి వెతుక్కుని మన కాలనీల మీదుగా ఎనికేపాడు యూటీ (కాలువ కిందుగా వాగు నీరు పోయే సొరంగం) వైపు, అక్కడినుంచి కొల్లేరు వైపు పోయింది. 2005లో కూడా ఇదే బుడమేరు మన వీధుల్లోకి వచ్చింది. ఆ మధ్యలో ఎన్ని లేఅవుట్లు పడ్డాయో, ఎన్ని పల్లాలు గ్రావెల్‌తో మెరక చేశారో మీరూ చూశారు. ఒక స్థలం మెరక చేస్తే ఆ నీరు ఎక్కడికీ మాయం కాదు, పక్క స్థలంలోకి పోతుంది. కాబట్టి పాత లెవెళ్లతో గీసిన ఏ మ్యాపూ ఇవాళ్టి నేలకి సరిపోదు.

మార్పు అంటే ఎప్పుడూ మ్యాప్‌లో ముప్పు హద్దు పెరగడమే కాదు, తగ్గొచ్చు కూడా. అదే వారం ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.4 లక్షల క్యూసెక్కులు దాటింది. అయినా కృష్ణలంక వైపు రిటైనింగ్ వాల్ వెనకున్న ఇళ్లని నది ముంచలేదు. అంతకుముందు తక్కువ వరదకే అక్కడివాళ్లు సామాన్లు నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చేవాళ్లు. గోడ కట్టాక అక్కడి మ్యాప్ మారాలి, మార్చి తీరాలి. కానీ గోడ లోపల పడిన వాన బయటికి పోవడం ఇంకో లెక్క, అది మ్యాప్‌లో విడిగా చూపించాలి.

"నూరేళ్ల వరద" అన్న మాట మీద కూడా ఒక అపోహ ఉంది. 2024లో వచ్చేసింది కాబట్టి ఇక మన మనవల కాలందాకా రాదు అనుకుంటున్నారు. అది అలా కాదండీ. ఏ ఏడాదికి ఆ ఏడాది 100లో 1 వంతు అవకాశం ఉన్న వరద అని దాని అర్థం, పోయినేడు వచ్చినా ఈ ఏడాది అవకాశం అంతే ఉంటుంది. 30 ఏళ్ల హోమ్ లోన్ కాలం తీసుకుంటే, ఒక్కసారైనా ఆ వరద చూసే అవకాశం దాదాపు 26 శాతం. పాతికేళ్ల వరద అయితే అదే 30 ఏళ్లలో 70 శాతం పైనే. కేంద్రం 1975లోనే వరద మైదానాల్లో ఎక్కడ ఏం కట్టాలో చెప్పే నమూనా బిల్లు రాష్ట్రాలకి పంపింది. ఆసుపత్రులు, కరెంటు సబ్‌స్టేషన్లలాంటివి నూరేళ్ల వరద లెవెల్ పైన, ఇళ్లు పాతికేళ్ల వరద లెవెల్ పైన ఉండాలన్నది కేంద్రం మార్గదర్శకాల్లోని మాట. చాలా రాష్ట్రాలు ఆ నమూనా బిల్లుని చట్టంగా చేయలేదు. అమెరికాలో నూరేళ్ల గీత లోపల ఇల్లుండి, అక్కడి ప్రభుత్వ హామీ ఉన్న లోన్ తీసుకుంటే వరద బీమా తప్పనిసరి. గీత తప్పుగా పడిందనుకుంటే సర్వేయర్‌తో లెవెల్ తీయించి సరిచేయమని అడిగే పద్ధతి కూడా ఉంది. మనకి అంత పద్ధతి లేదు గానీ, మాస్టర్ ప్లాన్ డ్రాఫ్ట్ పెట్టినప్పుడు అభ్యంతరాలు అడుగుతారు. ఆరోజు మీ చేతిలో నోటిమాట కాక లెవెళ్ల కాగితం ఉండాలి.

ఆ లెవెల్ విషయంలోనే జనం ఎక్కువగా మోసపోతున్నారు. "మా ఇల్లు రోడ్డు మీద నుంచి మూడు అడుగులు ఎత్తండీ" అంటారు. రోడ్డు మీద నుంచి కొలిచిన ఎత్తుకి వరద విషయంలో విలువ లేదు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఇంకో పొర వేసుకుంటూ పోతే, మీ మూడడుగులు కొన్నాళ్లకి అడుగున్నర అవుతాయి. మొత్తం కాలనీయే పల్లంలో ఉంటే రోడ్డుతో సహా మునుగుతారు. మ్యాప్‌లో లెవెళ్లు సముద్రమట్టం నుంచి ఉంటాయి, కాబట్టి మీ ఇంటి గచ్చు కూడా సముద్రమట్టం నుంచే తెలియాలి. ఉపగ్రహ సంకేతాలతో కొలిచే డీజీపీఎస్‌తో, ఎత్తు తేడా చూసే ఆటో లెవెల్ మిషన్‌తో మేము చేసేది అదే. ఇల్లు జాకీలతో లేపిద్దాం అనుకుంటున్నవాళ్లు కూడా ఎంత లేపాలో కాంట్రాక్టర్ చెప్పిన అంకె కాకుండా ముందు ఈ లెక్క చూసుకోండి. రెండడుగులు లేపి లక్షలు ఖర్చు పెట్టాక, వరద గుర్తు ఇంకా పైనే ఉందని తెలిస్తే ఆ బాధ చెప్పలేం.

2024 గుర్తులు చాలా ఇళ్లల్లో రంగుల కింద పోయాయి. బీరువా వెనక గోడ, మెట్ల కింద, లిఫ్ట్ గుంట పైభాగం, వాడని గది తలుపు లోపలివైపు చూడండి, మట్టి గీత ఇంకా దొరుకుతోంది. దొరికితే తుడవకుండా మేకుతో గీత పెట్టి, టేపు పట్టుకుని ఫోటో తీసి పంపండి. ఒక వీధికి రెండు మూడు నమ్మకమైన గుర్తులు దొరికినా ఆ వీధి మొత్తానికి పనికొస్తాయి. మ్యాప్ గీసే వాళ్లకి కూడా ఇలాంటి గుర్తులే ఆధారం, వాళ్ల కంప్యూటర్ లెక్క సరిగా వచ్చిందో లేదో వీటితోనే సరిచూస్తారు.

బీమా నా వృత్తి కాదు, కానీ అడుగుతున్నారు కాబట్టి రెండు మాటలు. 2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో వరద నష్టం కూడా కవర్ అవుతుంది. చిన్న షాపులకి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష ఉంది. హోమ్ లోన్ ఉన్నవాళ్లు బ్యాంకుని అడిగి మీ పేరు మీద ఏ పాలసీ ఉందో, ఇంట్లో సామానుకి వర్తిస్తుందో లేదో కాపీ తెచ్చుకుని చదవండి. బండికి థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే మునిగినప్పుడు మీ బండికి ఏమీ రాదు. కాంప్రెహెన్సివ్ ఉన్నా, నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజిన్ పాడైతే ఇంజిన్ ప్రొటెక్షన్ లేకుండా క్లెయిమ్ కష్టం.

ఇక మా దగ్గర పని సంగతి. పాత కస్టమర్లకి గచ్చు లెవెల్ తీసి కాగితం ఇవ్వడానికి ఫీజు తీసుకోను. దస్తావేజు కాపీ, పాత ప్లాన్ ఉంటే అది తెచ్చుకోండి. వానలు పడుతున్న రోజుల్లో మిషన్ బయట పెట్టలేం కాబట్టి ఆలస్యం అవుతుంది, తొందర చేయొద్దు. పునాది తీయబోతున్నవాళ్లకి ముందు చేస్తాం, ఎందుకంటే గచ్చు వేశాక దాని ఎత్తు మార్చుకోవడం కష్టం. వాళ్లకంటే కూడా ముందు, కరెంటు మీటర్లు, జనరేటర్ సెల్లార్‌లో ఉన్న అపార్ట్‌మెంట్ల వాళ్లు ఫోన్ చేయండి. మీటర్ బోర్డు ఏ ఎత్తుకి మార్చాలో గోడ మీద గీత పెట్టి ఇచ్చి వెళ్తాం, తర్వాత ఎలక్ట్రీషియన్‌ని పిలిపించుకోవచ్చు.