మీటర్లు కాదు, మెట్లు లెక్కపెట్టిన లిస్బన్ అక్కకు

లిస్బన్ నుంచి తిరిగి వచ్చి పది రోజులైంది. బట్టలు ఉతుక్కోవడం, పాప బడి, వచ్చిపోయే చుట్టాలతోనే రోజులు గడిచిపోయాయి. ఈ నాలుగు మాటలు అందరి ఎదుటా చెప్పకుండా ఇంకో రోజు గడపడం నాకు ఇష్టం లేదు. ఫోనులో చెప్పిన కృతజ్ఞత సరిపోయేంత చిన్న సాయం కాదు మాకు అందింది.

మేం నలుగురం వెళ్లాం. మావారు, నేను, తొమ్మిదేళ్ల మా పాప, 67 ఏళ్ల మా అత్తగారు. ఆవిడకు రెండేళ్ల క్రితం రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. నేల మీద బాగానే నడుస్తారు కానీ మెట్లంటే కష్టం, దిగేటప్పుడు మరీ కష్టం. మాలో ఎవరమూ అంతకు ముందు యూరప్ చూడలేదు. ఏప్రిల్ నుంచి నేను హోటళ్ల ఫోటోలు చూస్తూనే ఉన్నాను. చివరికి ఆల్ఫామా అనే పాత పేటలో ఒకటి మనసుకు పట్టింది. బాల్కనీలో నిలబడితే తేజు నది కనిపిస్తుంది, కోట 400 మీటర్ల దూరంలోనే ఉందని రాశారు. డబ్బు కట్టేసేదాన్నే. ఎందుకైనా మంచిదని మా తోటికోడలి చిన్ననాటి స్నేహితురాలికి ఆ హోటల్ వివరాలు పంపాను. ఆవిడ చాలా ఏళ్లుగా లిస్బన్‌లోనే ఉద్యోగం చేస్తున్నారు. అప్పటికి మేం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఆ శనివారం ఆవిడ స్వయంగా అక్కడికి వెళ్లారు. టాక్సీ ఆగగలిగిన చోటు నుంచి ఆ హోటల్ తలుపు దాకా ఫోనులో వీడియో తీస్తూ, ఒక్కో మెట్టూ తెలుగులో లెక్కపెడుతూ ఎక్కారు. ముప్ఫై దాటాక గొంతులో ఆయాసం వినిపించింది. మధ్యలో ఆగి, ఒక గోడను చూపించి, ‘ఇక్కడ పట్టుకోవడానికి కమ్మీ లేదమ్మా, పెద్దావిడకు ఇబ్బంది’ అన్నారు. తలుపు దగ్గరికి చేరేసరికి లెక్క 112. లోపల ఇంకో మూడు అంతస్తులు, లిఫ్టు లేదు. వీడియో చివర ఆవిడ అన్న మాట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేసింది: ‘ఈ ఊళ్లో మీటర్లు అడగకమ్మా, మెట్లు అడుగు.’

నా దగ్గర పైసా తీసుకోకుండా, తన సెలవు రోజున, ముక్కూ మొహం తెలియని ఒక ముసలావిడ మోకాళ్ల కోసం 112 మెట్లు ఎక్కిన మనిషి ఈవిడ. ఆ వీడియో నేను ఇప్పటికీ చెరిపివేయలేదు.

లిస్బన్ కొండల మీద కట్టిన నగరం. ఆ కొండల మధ్య నది వైపుగా సాగే చదునైన భాగాన్ని బైషా అంటారు. 1755 నవంబరు 1న వచ్చిన భూకంపం, వెంటనే ముంచెత్తిన సముద్రం, ఆ తర్వాతి మంటలు ఆ భాగాన్ని నేలమట్టం చేశాయి. అప్పటి మంత్రి మార్క్విస్ పొంబాల్ హయాంలో దాన్ని గళ్ల నోటు పుస్తకంలా తిన్నని వీధులతో మళ్లీ కట్టారు. ఆల్ఫామా చాలా వరకు నిలబడింది కాబట్టే ఆ ఇరుకు సందులూ మెట్లూ అలాగే మిగిలాయి. అక్క ఇదంతా ఒక రాత్రి ఫోనులో ఓపికగా చెప్పి, ‘మీరు బైషాలో ఉండండి, కొండలు చూడటానికి ఎక్కండి, పడుకోవడానికి ఎక్కకండి’ అన్నారు.

బైషాలో కూడా పాత భవనాలే కాబట్టి జాగ్రత్త అవసరమన్నారు. ‘లిఫ్టు ఉంది’ అని రాసి ఉంటే చాలదట. కొన్నిచోట్ల లిఫ్టు మొదలయ్యేది వీధి మట్టం నుంచి కాదు, కొన్ని మెట్లు ఎక్కాక. అందుకని హోటల్ వాళ్లకు రాయాల్సిన ప్రశ్నలు ఆవిడే చెప్పారు. వీధి తలుపు నుంచి లిఫ్టు దాకా ఎన్ని మెట్లు? స్నానానికి బాత్‌టబ్ ఉందా, నేల మట్టానికి షవర్ ఉందా? గది వీధి వైపా, లోపలి వైపా? ఈ మూడింటిలో బాత్‌టబ్ సంగతి నాకు ఎన్నడూ తోచేది కాదు. మోకాళ్లు సరిగా వంగని మనిషి అంత ఎత్తు గట్టు దాటి జారుడు తొట్టిలో కాలు పెట్టడం ఎంత ప్రమాదమో తలచుకుంటే ఇప్పటికీ భయమే. నాలుగు హోటళ్లకు రాశాను. ఒక్కరే సూటిగా జవాబిచ్చారు: మూడు మెట్లు, పక్కన కమ్మీ, గట్టు లేని షవర్, లోపలి వైపు పక్కపక్కనే రెండు గదులు. అదే తీసుకున్నాం.

ఇక్కడ ఈ ప్రయాణానికి మాకు సలహాలు చెప్పిన మా రాజమండ్రి మాస్టారికి కూడా దండం పెట్టాలి. వీసాకు హోటల్ బుకింగ్ చూపించాలి కాబట్టి, రద్దు చేసుకుంటే డబ్బు పూర్తిగా తిరిగి వచ్చే పద్ధతిలోనే చేయమని పట్టుబట్టింది ఆయనే. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలని గుర్తు చేసిందీ ఆయనే. లిస్బన్‌లో హోటల్ అద్దెతో పాటు ఊరి పన్ను కూడా ఉంటుంది. 13 ఏళ్లు నిండిన ప్రతి మనిషికీ రాత్రికి 4 యూరోలు, ఏడు రాత్రుల వరకు. పాపకు లేదు. మా ముగ్గురికీ ఆరు రాత్రులకు 72 యూరోలు ముందే విడిగా పెట్టుకున్నాం.

అక్టోబరులో వెళ్లాం. గదిలోకి వెళ్లగానే మా అత్తగారు నేరుగా స్నానాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. పది నిమిషాలకు బయటికి వచ్చి, ‘మన ఇంట్లో కంటే బాగుందే’ అన్నారు. షవర్ కింద తెల్లని ప్లాస్టిక్ కుర్చీ, కాళ్ల కింద జారని రబ్బరు చాప. నేను అడగలేదు. మోకాళ్ల ఆపరేషన్ అని ఉత్తరంలో రాసినందుకు అక్కడి కుర్రవాడు తనంతట తానే వేయించాడు. అతనికి తెలుగు రాదు, ఇది చదవడు. అయినా అతని మంచితనం ఇక్కడ రాసి ఉండాలి.

రెండో రోజు వాన పడింది. అక్కడి కాలిబాటలన్నీ చిన్న చిన్న సున్నపురాతి ముక్కలు పేర్చి చేసినవి, తడిస్తే పాలరాయిలా జారతాయి. రబ్బరు అడుగున్న బూట్లు కొనమని అక్క ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. రోసియో కూడలిలో ఆ రాళ్లను నలుపు తెలుపు అలల్లా పరిచారు. మా అత్తగారు దాని అంచున ఆగిపోయారు. ‘ఇంత పెద్ద ముగ్గు వేసి తొక్కుతారా?’ అని అడిగారు. కాసేపు చుట్టూ తిరిగి వచ్చాక గానీ దాని మీద అడుగు పెట్టలేదు.

కోట చూడలేమని ఆవిడ ముందే సర్దుకుపోయారు. అయితే ఫాంకెయిరుష్ వీధిలోని ఒక భవనంలో కోట వైపు తీసుకెళ్లే నగరపాలక సంస్థ లిఫ్టు ఉంది, టికెట్టు లేదు. అది దిగి కొంచెం నడిస్తే ఒక సూపర్ మార్కెట్టు ఉన్న భవనంలో ఇంకో లిఫ్టు. ఆదివారం అక్క వచ్చి మా అత్తగారి చెయ్యి పట్టుకుని రెండు లిఫ్టులూ ఎక్కించారు. మిగిలిన కాస్త ఎత్తూ ఆగి ఆగి నడిపించారు. కోట లోపల నెమళ్లు తిరుగుతుంటాయి. గోడ పక్కన బల్ల మీద కూర్చుని, ఎదురుగా నది, కాళ్ల దగ్గర నెమలి, మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అక్క భుజం మీద చెయ్యి వేసి, ‘నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ’ అన్నారు. మామయ్యగారు పోయాక ఆవిడ ముఖం అలా విప్పారడం నేను చూడటం అదే మొదలు.

అక్కా, మీకు ఏమీ తేలేకపోయాం. సున్నుండలు చేద్దామంటే నెయ్యి పాల పదార్థం, బయటి దేశాల నుంచి అక్కడికి రానివ్వరు. తెచ్చింది ఒక్క ఆవకాయ సీసా. మార్తిం మొనీష్ దగ్గర మన దుకాణాల్లో దొరికే బియ్యంతో వేడి అన్నం వండుకుని తింటున్నానని మొన్న మీరు ఫోటో పంపితే, మా అత్తగారు దాన్ని పెద్దది చేయించుకుని చూశారు. సీసా సగానికి వచ్చిందట, మీరు చెప్పలేదట. వచ్చే నెల మీ ఊరి నుంచి ఎవరైనా వస్తే తప్పకుండా కబురు చేయమంటున్నారు. జాడీలో మీ వాటా తీసి పక్కన పెట్టేశారు.