తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయుడి లేఖ: నా వాట్సాప్ పోయిన వైనం, తిరిగి వచ్చిన వైనం

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారాలు.

రెండు శనివారాల క్రితం సాయంత్రం మొదలుకొని పర్లాకిమిడి బజారులో మన బడి గురించి మూడు మాటలు తిరుగుతున్నాయి. బడి వాట్సాప్‌లో డబ్బు అడిగిందని ఒకటి, ప్రధానోపాధ్యాయుడి బ్యాంకు ఖాతా ఖాళీ అయిందని ఒకటి, గ్రూపుల్లోని ఆడపిల్లల ఫొటోలన్నీ ఎవరికో చిక్కాయని మరొకటి. మొదటి మాట సగం నిజం. తక్కిన రెండూ నిజం కావు. నన్నే నేరుగా అడిగిన తల్లిదండ్రులు నలుగురే కాబట్టి, అడగని వారందరి కోసం ఈ లేఖ రాస్తున్నాను.

ఆ సాయంత్రం ఏడో తరగతి విద్యార్థి తల్లి నంబరు నుండి నాకొక సందేశం వచ్చింది. "మాస్టారూ, నా కోడు పొరపాటున మీ ఫోనుకు వచ్చింది, కాస్త పంపండి" అని అందులో ఉంది. నిజంగానే నా ఫోనులో అప్పుడే ఆరంకెల కోడు వచ్చి ఉంది, ఎవరికీ చెప్పవద్దన్న హెచ్చరిక కూడా దానితోపాటే ఆంగ్లంలో ఉంది. నేను అంకెలు మాత్రం చూసి పంపేశాను. ఆ కోడు ఆవిడది కాదు, నాదే. నా నంబరుతో మరెవరో తమ ఫోనులో వాట్సాప్ తెరవబోతే, ఆ నంబరు నిజంగా వారిదో కాదో తేల్చుకోవడానికి వాట్సాప్ నాకు పంపినది. ఆవిడ ఖాతా అంతకు రెండు గంటల ముందే దొంగల పాలయింది, నాకు సందేశం పంపినది వారే. పావుగంట గడవకముందే నాలుగు తరగతుల గ్రూపుల్లో నా పేరుతో, నా ఫొటోతో "ఎగ్జామ్ ఫీజు టుడే లాస్ట్, ఈ నంబర్‌కి అర్జెంట్‌గా వెయ్యండి" అన్న సందేశం వెలిసింది. ముగ్గురు తల్లిదండ్రులు డబ్బు పంపారు. వారికి నా క్షమాపణ స్వయంగా ఇంటికి వెళ్లి చెప్పుకున్నాను.

మరింత నష్టం జరగకుండా ఆగిందంటే అది తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి వల్లనే. ఆమె వాళ్ల నాన్న భుజం మీదుగా ఆ సందేశం చదివి, "ఇది మాస్టారు రాసింది కాదు, మాస్టారు 'గారు' లేకుండా ఎవరికీ రాయరు, 'రుసుము' అంటారు గాని 'ఫీజు' అనరు" అని తేల్చి, ఆఫీసు నంబరుకు ఫోను చేయించింది. నా రాతను ఇంత శ్రద్ధగా చదివే విద్యార్థిని ఉన్నందుకు ఈ ఉద్యోగంలో నాకు దక్కిన బహుమతులన్నిటికంటె ఎక్కువగా సంతోషించాను. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ప్రార్థన సమయంలో మాత్రం రెండుసార్లు చెప్పాను, మూడోసారి కూడా చెప్పే ఉద్దేశం ఉంది.

ఖాతాను తిరిగి తెచ్చుకోవడం మీరు భయపడినంత కష్టం కాదు గాని, ఓపిక కావాలి. నా ఫోనులో వాట్సాప్ తెరిచి, నా నంబరునే మళ్లీ ఇచ్చి, కొత్తగా వచ్చే ఆరంకెల కోడును నమోదు చేస్తే చాలు, దొంగ ఫోనులోని వాట్సాప్ ఆ క్షణమే మూసుకుపోతుంది. అయితే పలుమార్లు ప్రయత్నిస్తే కోడు పంపడానికి వాట్సాప్ గంటల తరబడి ఆగమంటుంది, కాబట్టి కంగారుగా నొక్కుతూ పోకూడదు. రాత్రి పదిన్నరకు కోడు వచ్చింది, పెట్టాను, దొంగ బయటకు పోయాడు. కాని నేనెన్నడూ పెట్టుకోని, కోడు తరువాత అదనంగా అడిగే రెండంచెల పిన్‌ను వాడు పెట్టి పోవడంతో, అది తెలియని నాకు ఏడు రోజులు గడిస్తే తప్ప ఖాతా తెరుచుకోలేదు. ఆ వారమంతా నేను సమాధానం ఇవ్వలేదని నొచ్చుకున్న వారు దయచేసి ఈ వాక్యాన్ని మరొకసారి చదవండి.

ఏడో రోజు ముగిశాక, బడి పక్క వీధిలో ఉండే పదో తరగతి అబ్బాయి తన తండ్రితో కలిసి వచ్చి నా పక్కన కూర్చొని తక్కిన పని చేయించాడు. సెట్టింగులలో అకౌంటు కింద ఉండే రెండంచెల ధృవీకరణను చూపించాడు. అందులో ఆరంకెల పిన్, దానిని మరచిపోతే ఆదుకోవడానికి నా ఈమెయిలు పెట్టించాడు. పిన్ నొక్కే వేళకు మాత్రం, "మీరే నొక్కండి మాస్టారూ, నేను అటు తిరుగుతాను" అని గోడ వైపు తిరిగి నిలుచున్నాడు. ఆ మర్యాద పెద్దవాళ్లలో ఎందరికి ఉందో మీరే చెప్పండి. తరువాత లింక్డ్ డివైసెస్ అనే చోట మరే కంప్యూటరైనా నా ఖాతాకు జతపడి ఉందేమో చూసి, మా ఆఫీసు కంప్యూటరుతో సహా అన్నిటినీ తీసివేయించాడు. కోడు అడగకుండానే, కెమెరాతో ఒక గుర్తును స్కాను చేయించో, ఎనిమిది అక్షరాల కోడును మనచేత కొట్టించో ఇలా దొంగచాటుగా జతపడే మోసం కూడా ఉందట. అలా జరిగితే మన ఫోను మామూలుగానే పనిచేస్తూ ఉంటుంది, మనకు అనుమానమే రాదు. కాబట్టి ఆ జాబితాను నెలకొకసారైనా చూసుకోవాలి.

ఫొటోల సంగతి. వాట్సాప్ పాత సందేశాలు మన ఫోనులోనూ మన బ్యాకప్‌లోనూ ఉంటాయి గాని, మన నంబరుతో కొత్త ఫోనులో ఖాతా తెరిచిన వాడికి వాటంతటవి కనిపించవు. గ్రూపుల పేర్లు, సభ్యుల నంబర్లు, ఆ నాలుగు గంటల్లో వచ్చిన కొత్త సందేశాలు మాత్రం వాడు చూసి ఉంటాడు. వార్షికోత్సవం ఫొటోలు ఆ కొత్త సందేశాలలో లేవు. బ్యాంకుకూ వాట్సాప్ కోడుకూ సంబంధం లేదు. నా జీతం నా ఖాతాలోనే క్షేమంగా ఉంది, ఉన్నంత మేరకు.

డబ్బు పంపిన ముగ్గురిలో ఒకరు వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరైన 1930కి ఫోను చేయగా ఆ సొమ్మును బ్యాంకులో నిలిపివేశారు. తక్కిన ఇద్దరు నలుగురికీ తెలిస్తే బాగుండదని సోమవారం దాకా ఆగారు. ఆ సోమవారానికి అవతలి ఖాతాలో ఏమీ మిగలలేదు. ఇటువంటి వాటిలో సిగ్గుపడేంత తీరిక లేదు. ఇతరుల పాస్‌వర్డునో గుర్తింపునో మోసంతో వాడుకోవడం ఐటీ చట్టం 66సి సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు పడే నేరం. నేరం చేసినది వాడు, మీరు కాదు.

ఆ ఏడో తరగతి విద్యార్థి తల్లి ఖాతా ఇంతవరకు తిరిగి రాలేదు. ఆవిడను బజారులో ఎవరూ మాట అనవద్దని మనవి, ఎందుకంటే ఆవిడ పరిస్థితే మీలో చాలామందిది. దొంగలు దానిని ఎలా చేజిక్కించుకున్నారో తేలలేదు. ఆ నంబరు ఏనాడో సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నంలో మరిది పేరున తీసుకున్న సిమ్ముది. రీఛార్జి ఆగి, సిమ్ము రద్దయినా, వాట్సాప్ మాత్రం వైఫైతో నడుస్తూనే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మన ఊరిని ఇవతల, పాతపట్నాన్ని అవతల ఉంచి గీసిన గీత ఇప్పుడు మన సిమ్ముల మీదుగా పోతోంది. సిమ్ము చేతిలో లేకపోతే కోడు రాదు, కోడు రాకపోతే ఖాతా రాదు. పైగా రద్దయిన నంబరును 90 రోజులు దాటాక కంపెనీ ఇంకొకరికి ఇవ్వవచ్చు. నంబరు ఇంకా మీ ఇంటివారి పేరునే ఉంటే, ఆ పేరుగల మనిషే గుర్తింపు కార్డుతో వెళ్లి మరో సిమ్ము తీసుకోవాలి. అది పనిచేయడం మొదలైన తరువాత కూడా 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, కంగారు పడవద్దు. పాత నంబరు వదులుకోదలచిన వారు దానిని వదిలే ముందే వాట్సాప్‌లోని చేంజ్ నంబర్ ద్వారా కొత్త నంబరుకు మారాలి.

ఇక్కడ నేను ప్రతి లేఖలోనూ చెప్పే మాట మళ్లీ చెబుతున్నాను, విసుగు చెందేవారు చెందవచ్చు. నేను మోసపోయినది చదవడం రాక కాదు, చదవకపోవడం వల్ల. కాని మీలో ఎందరికో ఆ హెచ్చరిక ఆంగ్లంలో ఉన్నందువల్లనే చేరడం లేదు. ఇదే ఊళ్లో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు సవరలనే గిరిజనుల మాట నేర్చుకొని, వారి భాషలోనే వాచకాలు తయారు చేసి, మనిషికి చదువు తన నోటి మాటలో అందాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న పిల్లలచేత పద్యాలు చెప్పించి, మిఠాయి పంచి, ఇంటికి వెళ్లి తెలియని భాషలోని మీట మీద "ఓకే" నొక్కుతున్నాం. వాట్సాప్ తెలుగులో ఉంటుంది. సెట్టింగులలో భాష మార్చుకోండి. తెలుగు చదవడం తగ్గిన ఇళ్లలో పిల్లలచేత రోజూ పది నిమిషాలు గట్టిగా చదివించండి, మీరూ వినండి. ఒడియా బడిలో ఉంది, ఆంగ్లం బడిలో ఉంది, తెలుగుకు ఇల్లు కూడా లేకుండా పోతే ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి వంటి పిల్లలు మనకు ఎక్కడి నుండి వస్తారు?

ఇంటి అలవాట్ల గురించి ఎంతో గౌరవంతో రెండు మాటలు. ఫోను మీది, పిన్ పిల్లవాడిది, ఈమెయిలు పిల్లవాడి స్నేహితుడిది అన్న ఏర్పాటు మీకు సుఖంగా ఉండవచ్చు గాని, పోయిన రోజున ముగ్గురినీ వెతకవలసి వస్తుంది. పిన్‌గా పిల్లల పుట్టినతేదీ వద్దు. ఆ తేదీన గ్రూపులో కేకు ఫొటో పెట్టేది మీరే. పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును, అంటే ఫోనులో కొత్త యాప్ ఎక్కించే ఫైలును, తెరవవద్దని, రాత్రి పదకొండు గంటలకు ఆటల కోసం పిల్లలచేత అలాంటి ఫైళ్లు ఎక్కించవద్దని నేను ఇదివరకు చెప్పినట్టే గుర్తు. కొరియరు వాడినంటూ ఎవరో నక్షత్రం గుర్తుతో మొదలయ్యే అంకెలు నొక్కమంటే నొక్కవద్దు. అది మీ కాల్సును దారి మళ్లించడానికి, వాట్సాప్ కోడును ఫోను కాల్‌గా కూడా తెప్పించుకోవచ్చు గనుక. ఇదివరకే నొక్కిన వారు ##002# నొక్కి మళ్లింపులు రద్దు చేసుకోవచ్చు.

పరీక్షల పట్టిక గేటు వద్ద అంటించాము, సైకిళ్లకు తాళాలు వేయించండి, స్వెటరు ఏ రంగుదైనా ఫరవాలేదు.

ఇకపై మన బడి ఏ గ్రూపులోనూ డబ్బు అడగదు. రుసుములన్నీ ఆఫీసులో రసీదు తీసుకొని కట్టాలి. వచ్చే శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు, ఫోనుతోపాటు ఆ సిమ్ము ఎవరి పేరున ఉందో వారిని కూడా వెంటబెట్టుకొని రండి, పదో తరగతి పిల్లలు దగ్గరుండి పిన్ పెట్టిస్తారు. ఈ లేఖ చదివినట్టు కింది చీటీ మీద మీరే సంతకం చేసి పంపండి. కిందటిసారి వచ్చిన చీటీలలో పదకొండు సంతకాలు ఒకే పిల్లవాడి దస్తూరిలో ఉన్నాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు
పర్లాకిమిడి, గజపతి జిల్లా