కొత్త ఈ-బస్సులు ముందు కేజీహెచ్ దారిలో తిప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా అమ్మకు 76 ఏళ్లు. చాలాకాలంగా ఆయాసంతో బాధపడుతోంది. నెలకోసారి కేజీహెచ్‌కు, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విశాఖ జ్ఞానాపురంలో మా ఇంటి నుంచి కాన్వెంట్ జంక్షన్ దాకా మెల్లగా నడిచి, బస్సు కోసం నిలబడతాం. లారీలు, కంటైనర్ బండ్లు ఒకదాని వెనక ఒకటి పొగ వదులుతూ పోతుంటాయి. అమ్మ చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. అయినా బస్సు వచ్చేలోపే ఇన్‌హేలర్ తీయాల్సి వస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లే దారిలోనే జబ్బు ముదిరితే ఇక మందులేం పనిచేస్తాయి?

కొంగు ఆపేది కంటికి కనిపించే దుమ్మునే. డీజిల్ పొగలోని సన్నటి కణాలు, అంటే పీఎం 2.5, వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లి రక్తంలో కూడా కలుస్తాయి. వయసు మళ్లాక దగ్గి కఫం బయటికి తెచ్చే బలం కూడా తగ్గిపోతుంది. అందుకే పెద్దవాళ్లకు ఈ పొగ వల్ల ఆయాసమే కాదు, గుండెపోటు, పక్షవాతం భయమూ ఎక్కువే. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో ఈ కణాలు 5 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 40. ఇరవై ఏళ్ల కుర్రాడికీ మా అమ్మకూ అదే హద్దు.

సముద్రం పక్కనే ఉన్నాం కదా, మనకేం అనుకుంటాం. కానీ ఇటు యారాడ కొండ, అటు కైలాసగిరి, వెనక సింహాచలం కొండలు. మధ్యలో ఊరు గిన్నెలా ఉంది. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గర చల్లగాలి కదలదు, పొగ పైకి లేవదు. పెద్దవాళ్లు వాకింగ్‌కి బయల్దేరేది కూడా ఆ వేళకే.

బీచ్ రోడ్డులో పొద్దున్నే బండ్లు ఆపి నడిచేవాళ్లకు దారి వదులుతున్నారు. చాలా మంచి పని. అయితే కంచరపాలెం, జ్ఞానాపురం, వన్‌టౌన్ పెద్దలు రోజూ అంతదూరం వెళ్లగలరా? వాళ్లకు మంచి గాలి వాళ్ల వీధిలోనే దొరకాలి.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విశాఖ ఉంది. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన 10 వేల ఈ-బస్సుల (పొగ వదలని కరెంటు బస్సుల) పథకంలోనూ మన నగరానికి చోటు దక్కింది. అధికారులను నేను అడిగేది ఒక్కటే. ఆ బస్సులను ముందు కాన్వెంట్ జంక్షన్, పాత పోస్టాఫీసు, కేజీహెచ్ మీదుగా తిప్పండి. ఆసుపత్రికి వెళ్లే ముసలివాళ్లు ఎక్కేది ఈ దారి బస్సులే. మెట్టు ఎత్తు తక్కువున్న బస్సులైతే మోకాళ్ల నొప్పులవాళ్లు కూడా ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కుతారు. బస్సులన్నీ వచ్చేలోపు, స్టాపుల్లో ఎక్కువసేపు ఆగే బండ్లు ఇంజను ఆపేలా చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇంకొకటి. కాన్వెంట్ జంక్షన్ స్టాపులోనే గాలిని కొలిచే యంత్రం పెట్టి, ఆ అంకె అందరికీ కనపడేలా తెలుగులో బోర్డు మీద వేయించండి. గాలి మరీ పాడైన రోజున అమ్మను ఇంట్లోనే ఉంచి, డాక్టరు గారిని ఇంకో తేదీ అడుగుతాం.

– ఒక పాఠకుడు, జ్ఞానాపురం, విశాఖపట్నం