గర్భంలోని బిడ్డనూ లెక్కలోకి తీసుకోండి: పాదరసం పరిమితులపై ఈపీఏ అధిపతికి బహిరంగ లేఖ

డాలస్, 2025 జులై

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) అధిపతి లీ జెల్డిన్ గారికి,

బొగ్గు విద్యుత్ కేంద్రాల నుంచి వెలువడే పాదరసం, ఇతర విష లోహాలపై 2024లో బిగించిన నిబంధనలను రద్దు చేస్తామని మీ సంస్థ గత జూన్‌లో ప్రతిపాదించింది. ఆ పని చేయవద్దని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం. మేం డాలస్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగు ఇంజనీర్లం, వైద్యులం. మాలో ఎక్కువమంది ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళమే. ఇంగ్లిష్ ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాం. ఇక్కడి మనవాళ్ళు కూడా చదవాలని దీన్ని తెలుగులో రాశాం.

గర్భస్థ శిశువు ప్రాణం కాపాడతామని చెప్పే ప్రభుత్వం మీది. అదే మాట పట్టుకుని పాదరసం మీద పోరాడిన ఇవాంజెలికల్ పాస్టర్ ఒకరున్నారు, రెవరెండ్ మిచ్ హెస్కాక్స్. 2009 నుంచి పదేళ్ళకు పైగా ఆయన పర్యావరణం కోసం పనిచేసే క్రైస్తవ సంస్థ ఇవాంజెలికల్ ఎన్విరాన్‌మెంటల్ నెట్‌వర్క్‌ను నడిపారు. ఆయనకు బొగ్గు పరిశ్రమ కొత్త కాదు. పెన్సిల్వేనియాలో పాస్టర్ కాకముందు ఆ పరిశ్రమకు యంత్రాలు సమకూర్చే కంపెనీలో చాలాకాలం పనిచేశారు. 2012 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) ఉపసంఘం ముందు ఆయన చెప్పింది సూటిగానే ఉంది: తల్లి తిన్న చేపలోని పాదరసం బిడ్డ మెదడును దెబ్బతీస్తోందంటే, గర్భస్థ శిశువు పక్షాన నిలబడేవాళ్ళు దాని గురించి మాట్లాడక తప్పదు.

అప్పట్లో సొంతవాళ్ళే ఆయన్ని తప్పుబట్టారు. పర్యావరణ నిబంధనలను వ్యతిరేకించే ఇవాంజెలికల్ సంస్థ కార్న్‌వాల్ అలయన్స్ పెద్దలు, వాళ్ళతో గొంతు కలిపిన నాయకులు, గర్భస్రావాన్ని అడ్డుకోవడం వేరు, కాలుష్యం వేరు, రెంటినీ ఒక గాటన కట్టొద్దన్నారు. అంతకుముందు 2007లో రిచర్డ్ సిజిక్‌కూ ఇలాంటిదే ఎదురైంది. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ఇవాంజెలికల్స్ తరఫున వాషింగ్టన్‌లో పనిచేస్తూ వాతావరణ మార్పు గురించి మాట్లాడినందుకు, ఆయన నోరు కట్టేయమని ఇవాంజెలికల్ నాయకుడు జేమ్స్ డాబ్సన్ తదితరులు ఆ సంస్థ బోర్డుకు లేఖ రాశారు. బోర్డు అందుకు ఒప్పుకోలేదు. కార్న్‌వాల్ వాళ్ళ అభ్యంతరంలో కొంత నిజముంది. ఉద్దేశపూర్వకంగా ప్రాణం తీయడమూ, నిర్లక్ష్యంతో హాని చేయడమూ ఒకటి కాదు. కానీ బైబిల్‌లోని 139వ కీర్తన చదివి, గర్భంలో బిడ్డను నిర్మించేది దేవుడే అని నమ్మేవాళ్ళకు, ఆ నిర్మాణాన్ని మధ్యలో చెడగొట్టే విషం పట్టించుకోనక్కర్లేని సంగతి ఎలా అవుతుంది? హెస్కాక్స్ వాదనే సరైనదని మా నమ్మకం.

ఆ విషం ఎలా పనిచేస్తుందో చూద్దాం. బొగ్గులో పాదరసం ఉండేది పది లక్షల పాళ్ళలో పదో వంతు పాలు మాత్రమే. కానీ తగలబడే బొగ్గు లక్షల టన్నులు. బాయిలర్ వేడికి పాదరసమంతా ఆవిరవుతుంది. పొగగొట్టం దాటి నీళ్ళలో చేరాక, బురదలో ఆక్సిజన్ లేని చోట బతికే బ్యాక్టీరియా దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తుంది. చిన్న చేపను పెద్ద చేప తినే కొద్దీ అది పోగుపడుతుంది. తల్లి కడుపులో మాయ దీన్ని ఆపలేదు. మిథైల్ పాదరసం ఒక అమైనో ఆమ్లానికి అతుక్కుని, శరీరానికి కావలసిన పోషకంలా కనబడి లోపలికి పోతుంది. బొడ్డుతాడు రక్తంలో దాని మోతాదు తల్లి రక్తంలో కంటే సగటున 1.7 రెట్లు ఉంటుంది. ఫారో దీవుల్లో పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధకులకు మాట, ధ్యాస, జ్ఞాపకశక్తిలో లోపాలు కనిపించాయి.

మీ సంస్థ పెట్టిన సురక్షిత మోతాదు, కిలో శరీర బరువుకు రోజుకు 0.1 మైక్రోగ్రాము. 60 కిలోల గర్భిణికి వారానికి 42 మైక్రోగ్రాములు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) లెక్కలో కింగ్ మాకెరెల్ చేపలో సగటున గ్రాముకు 0.73 మైక్రోగ్రాములు ఉంది. అంటే 58 గ్రాములు తింటే వారం కోటా అయిపోయినట్టే. పులుసులో ఒక్క ముక్క అంతకంటే ఎక్కువే తూగుతుంది. (ఇండియన్ స్టోర్లలో కింగ్‌ఫిష్ పేరుతో దొరికే మన వంజరం దానికి దగ్గరి చుట్టం. కడుపుతో ఉన్నవాళ్ళు పెద్ద జాతి చేపల ముక్కలు మానేసి రొయ్యలు, సాల్మన్, తిలాపియా తినండి. చేపలు మొత్తం మానేయొద్దు, బిడ్డకు అవి కావాలి.) సముద్రపు చేపల్లోని పాదరసం ప్రపంచమంతటి పొగల నుంచి వచ్చింది, దానికంతటికీ టెక్సాస్‌ను నిందించలేం. మంచినీటి చెరువుల సంగతి అలా కాదు. పాదరసంలో క్లోరిన్‌తో కలిసిన భాగం నీళ్ళలో కరుగుతుంది కాబట్టి వానతో దగ్గర్లోనే దిగుతుంది. లూసియానా సరిహద్దులోని కాడో సరస్సులో బాస్, డ్రమ్ చేపలు పరిమితంగా తినమని రాష్ట్ర ఆరోగ్య శాఖ ఏనాడో హెచ్చరించింది.

ఇక మీ ప్రతిపాదన సంగతి. 2012 నిబంధన మామూలు బొగ్గుకు ట్రిలియన్ బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) వేడికి 1.2 పౌండ్ల పాదరసం అనుమతించి, లిగ్నైట్ అనే నాసిరకం గోధుమ రంగు బొగ్గుకు మాత్రం 4 పౌండ్లు ఇచ్చింది. 2024లో లిగ్నైట్‌నూ 1.2కు తెచ్చారు. ఇది ముఖ్యంగా నార్త్ డకోటా, టెక్సాస్ కేంద్రాలకు వర్తిస్తుంది. లిగ్నైట్‌తో అది సాధ్యం కాదని కంపెనీలు అంటున్నాయి. ఇబ్బంది నిజమే. లిగ్నైట్‌లో క్లోరిన్ తక్కువ కాబట్టి పాదరసం మూలకం రూపంలోనే ఉండిపోతుంది. అది నీళ్ళలో కరగదు, పొగను ద్రావణంతో కడిగే స్క్రబ్బర్‌కు చిక్కదు. పైగా గంధకం వల్ల పుట్టే సల్ఫర్ ట్రయాక్సైడ్, పాదరసాన్ని పట్టడానికి పొగలోకి ఊదే కార్బన్ పొడి మీద పాదరసం పట్టాల్సిన చోటును ముందే ఆక్రమిస్తుంది.

ఈ రెంటికీ మందు తెలిసిందే. బ్రోమిన్ పట్టించిన యాక్టివేటెడ్ కార్బన్ పొడిని పొగ నాళంలోకి ఊదితే, బ్రోమిన్ పాదరసాన్ని ఆక్సీకరిస్తుంది, కార్బన్ పట్టుకుంటుంది. సల్ఫర్ ట్రయాక్సైడ్ ఎక్కువగా ఉంటే కార్బన్ కంటే ముందు పొడి సున్నం ఊదాలి. కావలసింది పొడి నిల్వచేసే ఒక సైలో, బ్లోయర్, నాళంలోకి దిగే గొట్టాలు, అంతే. బొగ్గు కేంద్రంలో పెట్టే కాలుష్య యంత్రాల్లో చవకైన వాటిలో ఇదొకటి. ఫలితం రాని చోట తప్పు సాధారణంగా వాడకంలో ఉంటుంది. పొగ మరీ వేడిగా ఉన్నచోట ఊదితే పాదరసం నిలవదు. పొడి నాళమంతా సమంగా పరుచుకోకపోతే సగం పొగ దానికి తగలకుండానే పోతుంది. ఈఎస్పీ (కరెంటుతో నుసిని లాగే యంత్రం) మాత్రమే ఉన్న యూనిట్లో పొడికి దొరికేది కొద్ది సెకన్లే, గుడ్డ సంచులతో వడకట్టే బ్యాగ్ ఫిల్టర్ ఉంటే గుడ్డ మీద పేరుకున్న పొర గుండానే పొగంతా పోవాలి. తడి స్క్రబ్బర్‌లో పట్టుబడిన పాదరసం కూడా సల్ఫైట్ వల్ల మళ్ళీ మూలకంగా మారి బయటపడుతుంది, దానికి ద్రావణం రసాయనాన్ని గమనిస్తూ ఉండాలి. ఇవన్నీ షిఫ్ట్ ఇంజనీరు సరిచేసుకోగల పనులు.

2024 సవరణలో మాకు ఇంకా విలువైనది నిరంతర కొలత. ఆర్సెనిక్, క్రోమియం, సీసం వంటివి బూడిద నుసితో పాటే పోతాయి కాబట్టి, నుసిని కొలిచి వాటిని అంచనా వేస్తారు. ఆ నుసి పరిమితిని మిలియన్ బీటీయూలకు 0.030 పౌండ్ల నుంచి 0.010కి తగ్గించి, పొగగొట్టంలోనే ఎప్పుడూ పనిచేసే కొలమానం పెట్టమన్నారు. అంతకుముందు చాలాచోట్ల మూడు నెలలకోసారి పరీక్ష చేస్తే సరిపోయేది. పరీక్షకు ముందు ఫిల్టర్లు శుభ్రం చేసుకుని, లోడ్ స్థిరంగా ఉంచి నడిపితే అంకె బాగానే వస్తుంది. చిరిగిన సంచీ మిగతా రోజుల్లో వదిలే నుసి ఏ కాగితం మీదికీ రాదు. ఈ నిబంధన తీసేస్తే, చుట్టుపక్కల ఊళ్ళకు తమ గాలిలో ఏం కలుస్తోందో తెలిసే దారి మూసుకుపోతుంది.

మినహాయింపుల మాట కూడా చెప్పాలి. ఏప్రిల్ 8న అధ్యక్షుడు ప్రకటనతో పలు కేంద్రాలకు 2027 జులై నుంచి 2029 జులై దాకా గడువిచ్చారు. స్వచ్ఛ వాయు చట్టం 112వ సెక్షన్ అలా ఇవ్వడానికి రెండు షరతులు పెట్టింది: సాంకేతికత అందుబాటులో ఉండకూడదు, దేశ భద్రతకు మినహాయింపు అవసరమై ఉండాలి. కార్బన్ పొడి, సున్నం, బ్యాగ్ ఫిల్టర్ అందుబాటులో లేవని ఏ ఇంజనీరు సంతకం పెట్టగలడు? మినహాయింపు పొందిన ఒక్కో యూనిట్‌లో ఏ పరికరం లేదు, ఎందుకు పెట్టలేరు, ఇప్పుడు 30 రోజుల సగటు పాదరసం ఎంత, కంపెనీ దరఖాస్తులో ఏం రాసింది అన్నవి మీ సంస్థ వెబ్‌సైట్‌లో అందరికీ కనబడేలా పెట్టండి. లిగ్నైట్‌కు 1.2 పరిమితినీ, నుసికి 0.010నూ, నిరంతర కొలతనూ కొనసాగించండి. ఆ వివరాలు బయటపెట్టేవరకు రద్దు ఉత్తర్వు మీద సంతకం ఆపాలని కోరుతున్నాం.

ఇట్లు,
డాలస్ ప్రాంతంలోని కొందరు తెలుగు ఇంజనీర్లు, వైద్యులు