ర్యాంపు కట్టారు సరే, తరగతి గదిలో ఏం జరుగుతోంది?

సంపాదకులకు,

గత వారం మీ పత్రికలో వచ్చిన బడి ర్యాంపు ప్రారంభోత్సవం వార్తను, దానిపై ఇదే శీర్షికలో అచ్చయిన ఒక పాఠకుడి లేఖను చదివాను. పరీక్ష పేపర్లు దిద్దే పనిలో ఉండి వెంటనే రాయలేకపోయాను. ఇన్ని రోజులు గడిచినా ఆ లేఖ కలిగించిన బాధా తగ్గలేదు, కోపమూ తగ్గలేదు.

వైకల్యం ఉన్న పిల్లలను మామూలు తరగతిలో కూర్చోబెడితే మిగతా పిల్లల చదువు వెనకబడుతుంది కాబట్టి వారిని వేరే బడులకు పంపేయాలనీ, పరీక్షల్లో వారికి అదనపు సమయం ఇవ్వడం మిగిలినవారికి అన్యాయం చేయడమేననీ ఆ పాఠకుడు రాశారు. నేను హైస్కూలులో లెక్కలు చెబుతాను. చూపు సరిగా లేని పిల్లలు, చెవులు వినపడని పిల్లలు, ఒక్కో వాక్యం కూడబలుక్కోవడానికే చెమటోడ్చే పిల్లలు నా తరగతిలో చదివారు, ఇప్పుడూ చదువుతున్నారు. ఆయన రాసిన ఆ రెండు మాటలూ తప్పు.

ముందు అదనపు సమయం సంగతి. మనం కంటితో ఒక్క చూపులో పట్టేసే వాక్యాన్ని ఉబ్బెత్తు చుక్కల లిపి అయిన బ్రెయిలీలో చదివే పిల్లవాడు వేలి కొసతో వరుసగా తడుముకుంటూ పోవాలి. ప్రశ్నలో ఒక అంకె మరిచిపోతే మళ్లీ వెనక్కి వెళ్లి వేలితోనే వెతుక్కోవాలి. మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు అదుపులో ఉండని సెరిబ్రల్ పాల్సీ ఉన్న అమ్మాయికి జవాబు మనసులో సిద్ధంగా ఉన్నా చేయి ఆమె మాట వినదు. తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా ఉన్న పిల్లవాడు లెక్క చేయగలడు. అదే లెక్కను నాలుగు వాక్యాల్లో అడిగితే ఆ వాక్యాలు చదవడానికే వాడి సమయం హరించుకుపోతుంది. లెక్క వస్తుందో రాదో తెలుసుకోవడానికి పరీక్ష పెడుతున్నామా, ఎవరి చేయి ఎంత వేగంగా కదులుతుందో కొలవడానికి పెడుతున్నామా? రాసిపెట్టే సహాయకుడిని ఇవ్వడమూ అంతే. జవాబు చెప్పేది ఆ విద్యార్థే, సహాయకుడు కాగితం మీద పెడతాడు. ఇందులో పక్క పిల్లవాడి మార్కు ఒక్కటి కూడా తగ్గదు.

ఇక మిగతావారి చదువు పాడవుతుందన్న మాట. బోర్డు మీద సమీకరణం రాస్తూ ‘దీన్ని ఇటు తెస్తే ఇలా అవుతుంది, దీనితో భాగిస్తే ఇది వస్తుంది’ అని వేలితో చూపిస్తూ పోవడం మా లెక్కల టీచర్లందరికీ అలవాటు. చూపు లేని పిల్లకు ఆ వాక్యంలో ఏముంది? ‘ఎడమవైపున్న ప్లస్ ఏడును కుడివైపుకు తెస్తే మైనస్ ఏడవుతుంది’ అని పూర్తిగా పలికితే ఆమెకు లెక్క అందుతుంది. ఆమెతో పాటు, వెనక బెంచీలో ధ్యాస తప్పి కూర్చున్నవాడికీ అందుతుంది. అలా చెప్పడం మొదలుపెట్టాక నా తరగతిలో అందరూ బాగుపడ్డారు, ఎవరూ వెనకబడలేదు.

వినికిడి లోపం విషయంలో అపోహలు ఇంకా ఎక్కువ. చెవికి యంత్రం పెట్టుకుంటే అన్నీ స్పష్టంగా వినపడతాయని తోటి ఉపాధ్యాయులే అనుకుంటారు. ఆ యంత్రం టీచరు గొంతుతో పాటు ఫ్యాను చప్పుడును, కుర్చీల రాపిడిని, పక్కవాళ్ల గుసగుసలను కూడా పెంచుతుంది. అందుకే ఆ పిల్లలు మన పెదవుల వంక చూస్తారు. పాట, బాట, మాట అని అద్దం ముందు నిలబడి గొంతు పెగలకుండా అనుకుని చూడండి, మూడింటికీ పెదవులు ఒకే తీరున కదులుతాయి. ఏది అన్నారో సందర్భాన్ని బట్టి క్షణంలో ఊహించుకోవాలి. టీచరు బోర్డు వైపు తిరిగి మాట్లాడితే ఆ కాస్త ఆధారమూ పోతుంది. కిటికీకి వీపు పెట్టి నిలబడితే ముఖం నీడలో పడుతుంది. ముందు బెంచీలో కూర్చోబెట్టాం కదా అంటారు. వెనక బెంచీలో ఎవరో చెప్పిన జవాబు ముందు బెంచీలోని ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది? టీచరు దాన్ని ఆమె వైపు తిరిగి మళ్లీ చెప్పాలి. వీటిలో దేనికీ నిధులు అక్కర్లేదు, టెండర్లు అక్కర్లేదు. తెలిసినవారు వచ్చి టీచర్లకు చెబితే చాలు. ఆ చెప్పే ఏర్పాటే లేదు.

మాకు శిక్షణ ఇచ్చామని విద్యాశాఖ అధికారులు అంటారు. హాలు నిండా టీచర్లను కూర్చోబెట్టి, తెర మీద చట్టం సెక్షన్లు చూపించి, హాజరు పట్టికలో సంతకాలు తీసుకుని పంపించారు. ఆటిజం ఉన్న పిల్లవాడు బెల్లు మోగగానే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరితే ఏం చేయాలో అక్కడ ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పింది ఆ పిల్లవాడి తల్లి. బెల్లు మోగబోతోందని వాడికి ముందే చెప్పమంది, ఆ రోజు పీరియడ్ల వరుసను బొమ్మలతో గోడకు అంటించమంది, ఏ పీరియడు మారినా పొద్దున్నే చెప్పమంది. ఇంత చిన్న సంగతి కోసం ఆ తల్లి ఏటా కొత్త టీచరును బడి గేటు దగ్గర పట్టుకుని మొదటి నుంచీ వివరించుకోవాలి. పిల్లవాడు పై తరగతికి వెళ్లేటప్పుడు వాడికి ఏది పనిచేస్తుందో ఒక కాగితం మీద రాసి తర్వాతి టీచరుకు అందించే పద్ధతి కూడా లేకపోతే ఇన్ని కార్యాలయాలు ఎందుకున్నాయి?

కాగితాలకు మాత్రం కొదవ లేదు. మా బడికి వచ్చే ప్రత్యేక ఉపాధ్యాయురాలు ఇంకా చాలా బడులు తిరగాలి. వచ్చిన రోజున కూడా పిల్లల దగ్గర కూర్చునే సమయం కంటే ఫారాలు నింపే సమయమే ఎక్కువ. ఆమె ఉద్యోగం వచ్చే ఏడాది ఉంటుందో లేదో ఆమెకే తెలియదు. పెద్ద అక్షరాల పుస్తకాలు సగం సిలబస్ అయ్యాక వస్తాయి. పేర్లు నమోదయ్యాయా అని అడుగుతూ పదేపదే ఫోన్లు వస్తాయి. ఆ పేరు గల పిల్లకు భిన్నాలు వచ్చాయా అని అడుగుతూ ఇంతవరకు ఒక్క ఫోనూ రాలేదు.

మీరు వేసిన ఫొటో గురించి కూడా చెప్పాలి. ర్యాంపుకు ఎక్కువగా పాటించే కొలత ఒకటికి పన్నెండు, అంటే ఎత్తుకు పన్నెండు రెట్లు పొడవు. మూడు మెట్లు కలిపి 45 సెంటీమీటర్ల ఎత్తు అనుకుంటే ర్యాంపు కనీసం 5.4 మీటర్ల పొడవుండాలి. ఫొటోలో ఉన్నది మెట్ల కంటే కాస్త పొడవు, అంతే. అంత నిటారు వాలు మీద వెనక నుంచి ఎవరైనా నెట్టకపోతే వీల్‌చైరు ఎక్కదు, దిగేటప్పుడు అదుపు తప్పుతుంది. లోపలికి వెళ్లాక మరుగుదొడ్డి తలుపులో ఆ కుర్చీ పడుతుందా? ఆ ఇబ్బందికి భయపడి బడి వదిలేదాకా మంచినీళ్లు ముట్టని ఆడపిల్లలను నేను చూశాను. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దల్లో ఒక్కరైనా ఆ గది తలుపు తెరిచి చూశారా?

ఎవరి కోసం నిర్ణయం చేస్తున్నామో వారిని అడగకపోవడం పాత జబ్బు. 1880లో మిలాన్ నగరంలో బధిరుల విద్యపై అంతర్జాతీయ మహాసభ జరిగింది. హాజరైనవారిలో దాదాపు అందరూ చెవులు వినపడేవారే. సంజ్ఞా భాష కంటే నోటి మాటతో నేర్పడమే మేలని వారు తీర్మానించారు. ఆ తర్వాత అనేక దేశాల్లో బధిరుల బడుల్లోనే సైగలు నిషేధించారు, చేతులు కదిపిన పిల్లలను దండించారు. ఆ తీర్మానాలను తోసిపుచ్చుతున్నామని, అందుకు విచారిస్తున్నామని అదే మహాసభ 2010లో వాంకూవర్‌లో ప్రకటించింది. 130 ఏళ్లు పట్టింది. ఆ మధ్య కాలంలో బడికి వెళ్లిన పిల్లలకు ఎవరు జవాబు చెబుతారు?

ఈ పిల్లలను వేరే బడులకు పంపేయమన్న పాఠకుడికి ఒక విన్నపం. సంజ్ఞా భాషలో చెప్పే ప్రత్యేక బడే తమ బిడ్డకు మంచిదని ఎంచుకునే తల్లిదండ్రులు ఉన్నారు, వారి నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. మా తరగతికి అడ్డమని ఇంకొకరు ఆ బిడ్డను బయటికి పంపడం పూర్తిగా వేరు. మామూలు బడులే పిల్లలందరినీ చేర్చుకోవాలని 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు అంగీకరించారు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 24వ అధికరణం చదువును హక్కుగా గుర్తించింది, ఒక్కో విద్యార్థికి తగిన సర్దుబాటు చేయాలని చెప్పింది. లోకంలో దాదాపు 24 కోట్ల మంది పిల్లలకు ఏదో ఒక వైకల్యం ఉందని యూనిసెఫ్ 2021లో అంచనా వేసింది. అంటే పదిమందిలో ఒకరు. ఇంతమందిని ఎక్కడికి పంపేస్తాం?

అధికారులు చేయవలసింది స్పష్టంగా రాస్తున్నాను. పాఠ్యపుస్తకాలు ముద్రణకు ఇచ్చిన రోజే వాటి బ్రెయిలీ, పెద్ద అక్షరాల ప్రతులకూ ఉత్తర్వులు ఇవ్వాలి. బడులు తెరిచే రోజుకు అవి పిల్లల చేతుల్లో ఉండాలి. ప్రత్యేక ఉపాధ్యాయులను శాశ్వత పోస్టుల్లో నియమించి, ఫారాల పని తగ్గించి, మా పక్కన తరగతిలో నిలబెట్టాలి. శిక్షణ లెక్కల టీచరుకు లెక్కల్లో, సైన్సు టీచరుకు ప్రయోగశాలలో ఇవ్వాలి, ఆ పిల్లల చేత, తల్లిదండ్రుల చేత కూడా అందులో మాట్లాడించాలి. పరీక్షకు సహాయకుడి అనుమతి ముందు రోజు సాయంత్రం దాకా తేలకపోతే ఆ రాత్రి పిల్లలు ఏం చదువుతారు? దాన్ని విద్యా సంవత్సరం మొదట్లోనే ఇచ్చేయాలి. ఈ నాలుగింటిలో ఏది ఎప్పటికి చేస్తారో విద్యాశాఖ రాతపూర్వకంగా చెప్పాలి. ఆ జవాబును మీ పత్రికలో అచ్చు వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక లెక్కల ఉపాధ్యాయురాలు